పాతరకు బెల్లం చాలలేదు

పుంగనూరు, 9-5-2003

తమ్ముడు హేమాద్రికి అక్క అమరావతి రాయునది. ఇక్కడ మనుషులం బాగున్నాం. ఎర్రావు సోమవారం పోయింది.

నువ్వు చెప్పినట్టే సుబాబుల్ ఆకును బెల్లం నీళ్లతో తడిపి, పాతరలో తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పాను. నలభై రోజులు తెరవొద్దన్నావు. ఆకలికి ఆవు అరుస్తుంటే వినలేక అమ్మ రోజూ పట్ట ఎత్తి పిడికెడు తీసి పెట్టింది. నేను చూసేసరికే ఆకంతా బూజు పట్టింది. ఇక మేత లేకపోయింది.

"నేను రోంత తీసినందుకే కుళ్లిపోయిందా పాపా?" అంటూ అమ్మ అన్నం ముట్టడం లేదు. కాదు, బెల్లం నేనే తక్కువ కలిపానని చెప్పాను.

కుప్పం నుంచి వచ్చేటప్పుడు దూడకు తవుడు తీసుకురా. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. అమ్మ అడిగితే నువ్వూ బెల్లం మాటే చెప్పు.