ఎర్రబడ్డ రేపల్లె కోట

చిరంజీవి శశిధర్‌కి, చిరంజీవి కృష్ణచైతన్యకి అమ్మ ఆశీస్సులు. పెద్దాడా, నీ నడుం నొప్పి ఎట్లా ఉంది? బాపట్ల రోడ్లమీద బండి నడపటం తగ్గించావా? ప్రశాంతి థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటోందా? తనూజ కళ్ళజోడు మార్పించుకుందా? చిన్నాడా, రేపల్లె నుంచి నీ బీపీ సంగతి నాకెవరూ చెప్పరు, అందుకే అది ఎక్కువే ఉందనుకుంటున్నాను. స్వర్ణలతకి చలికాలం వస్తే ఆయాసం, మంచులో ముగ్గు వెయ్యొద్దని చెప్పు. నాకు మోకాళ్ళు తప్ప అంతా బాగానే ఉంది. బాగున్నప్పుడే రాయాలని ఇది రాస్తున్నాను.

తెనాలిలో కాపురముంటున్న, కీర్తిశేషులు ప్రకాశరావు గారి భార్య మాణిక్యాంబ అను నేను, వయసు డెబ్బై నాలుగు, చదువు ఐదో తరగతి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా తెలివి మీద ఎవరికైనా అనుమానం వస్తే, కంప్యూటర్లో నలభై ఒక్క ఏళ్ళుగా ఒక రాజ్యం ఏలుతున్నానని, అది ఇంకా చీలిపోలేదని నా మనవరాలు తనూజ సాక్ష్యం చెబుతుంది. ఆటలో ఏడాదంటే మనకి ఒక పూట.

1. సదరు రాజ్యం, అది ఉన్న పాత ల్యాప్‌టాప్, తనూజకి చెందవలెను. మీ నాన్న పోయాక ఇంట్లో చప్పుడు లేకపోతే ఆ పిల్లే నాకు ఈ ఆట నేర్పింది. "సీరియల్ కంటే ఇది నయం నానమ్మా, ఇందులో నువ్వే అత్తగారివి" అంది. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలూ రంగులూ వచ్చు. ఒక్కో కోటకి ఒక్కో దళపతి, అతని బొమ్మ పక్కన అతని విశ్వాసం ఎంతో ఒక అంకె. అది బాగుంటే పచ్చజెండా, తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. ఎర్రబడ్డాక కొన్నాళ్ళకి అతను మిగతావాళ్ళని కలుపుకుని రాజు మీదికే వస్తాడు. నా కోటలకి మన ఊళ్ళ పేర్లే పెట్టించాను. రాజధాని తెనాలి, సముద్రం పక్కది బాపట్ల, ఏటి పక్కది రేపల్లె.

మూడు రాజ్యాలు పోగొట్టుకున్నాక తెలిసిన సంగతులు తనూజ కోసం రాస్తున్నాను. జెండా పసుపైనప్పుడే చూసుకోవాలి. కానుకలు పంపితే అంకె పెరుగుతుంది గానీ రెండు నెలలకి మళ్ళీ దిగుతుంది. సైన్యాన్ని పంపితే పక్క కోట కూడా ఎర్రబడుతుంది. తన తర్వాత గద్దె ఎవరిదో రాజు బతికుండగానే చెప్పాలి, నా మూడో రాజ్యం చెప్పకపోవడం వల్లే రెండు ముక్కలైంది. అన్నిటికంటే ముఖ్యం, కోపంగా ఉన్నవాడిని రాజధానికి రమ్మనకూడదు. పట్టుకోవడానికే పిలిచారనుకుని ఆ రోజే తిరగబడతాడు. రాజే ఆ కోటకి వెళ్ళి ఒక చలికాలం అక్కడ ఉండాలి. ఇంకో మందు లేదు.

2. అమృతలూరు చేను ఇద్దరికీ సమానంగా చెందవలెను. అయితే కరణం గారి పాత పటంలో గీసినట్టు పైమడి ఒకరికి, కింది మడి ఒకరికి పంచరాదు. కాలవ నీరు పైమడి దాటి కిందికి రావాలి. నీటి ఎద్దడి ఏడాది అన్న గట్టు తెంచలేదని తమ్ముడంటాడు, తెంచానని అన్నంటాడు. చేనుని నిలువుగా చీల్చాలి, ఇద్దరి ముక్కలూ కాలవకి తగలాలి. ముక్కలు సన్నబడితే ట్రాక్టర్ తిరగదని పెద్దాడు అంటాడు. తిరగకపోతే ఇద్దరూ కలిసి దున్నించుకోండి, నాక్కావలసింది అదే.

3. ఇత్తడి మరచెంబు పెద్ద కోడలు ప్రశాంతికి. పదకొండేళ్ళ కిందట నా పులుసులో ఉప్పెక్కువైందని నలుగురిలో అంది. నిజంగానే ఎక్కువైంది, అయినా నేను మర్చిపోలేదు. ఆ మాట ఇక్కడితో కొట్టేస్తున్నాను. నా ఊలు శాలువా చిన్న కోడలు స్వర్ణలతకి, ఆయాసం ఉంది కాబట్టి. మీ నాన్న గొడుగు చిన్నాడికి. చిన్నప్పుడు వానొస్తే ఆయన గొడుగంతా వాడి మీద పట్టి తను తడిసేవారు.

4. ఇది ఆస్తి కాదు. అయినా ఎవరిది వాళ్ళకి చేరాలి కాబట్టి ఒక అంకె వేశాను.

మీ నాన్న పెద్దకర్మ కార్డులో చిన్నాడి పేరు లేదు. అది పెద్దాడు తీయించిన పేరు కాదు. పెద్దాడు రెండు పేర్లూ రాసే ఇచ్చాడు, అచ్చులో ఒక వరస ఎగిరిపోయింది. ప్రూఫు కాగితం తెచ్చి "అమ్మా, ఒక్కసారి చూసి చెప్పు, నేను సామాన్లకి వెళ్ళాలి" అని నా చేతికిచ్చాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలియలేదు. పైన మీ నాన్న ఫోటో ఒక్కటే కనపడింది. బాగుంది, వెయ్యమను అన్నాను.

చిన్నాడికి ఆ కార్డు చెరుకుపల్లిలో ఎవరి చేతిలోనో కనపడింది. వచ్చి గుమ్మంలోనే నిలబడి "నాన్నకి నేను పుట్టలేదా అన్నయ్యా?" అని అడిగాడు. పెద్దాడు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. వాడు "పొరపాటైంది రా" అని ఊరుకున్నాడు. అమ్మ చూసే పంపింది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది, అనలేదు. నేను పుట్టెడు దుఃఖంలో ఉన్నానని ఆ మాట మింగేశాడు. ఆ తర్వాతైనా నేను చెప్పాలి కదా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని మూడేళ్ళయింది. రేపల్లె వస్తే పెద్దాడేమనుకుంటాడో, బాపట్ల వెళితే చిన్నాడేమనుకుంటాడో అని ఎక్కడికీ కదల్లేదు. రెండు రైలు దారులూ కలిసే ఊళ్ళో కూర్చుని ఇద్దరినీ పోగొట్టుకున్నాను.

కాబట్టి మూడేళ్ళుగా పెద్దాడు మోస్తున్న నింద ఈ కాగితంతో నాకు చెందవలెను. చిన్నాడి కోపం కూడా నాకే. అందులో అన్నకి వాటా లేదు.

5. దీన్ని అమలు జరిపే బాధ్యత ఇద్దరిదీ. బీరువా తాళంచెవి పెద్దాడికి, లోపలి అర తాళంచెవి చిన్నాడికి. ఒకరు లేకుండా ఒకరు తీయలేరు.

దీన్ని బీరువాలో పెట్టి నేను పోయాక చదువుకుంటారులే అనుకున్నాను. తర్వాత, ఇద్దరినీ తెనాలి పిలిపించి చదివిద్దామనుకున్నాను. నిన్న ఆట తెరిస్తే రేపల్లె జెండా ఎర్రగా ఉంది. నేనే తనూజకి రాసిన మాట గుర్తొచ్చింది, రమ్మనకూడదు. చెరో నకలు ముందుగా పంపిస్తున్నాను.

తేదీ: 12 నవంబరు 2025, తెనాలి.

(సంతకం) మాణిక్యాంబ

సాక్షులు:
1. వీరాస్వామి, పక్కింటి రిటైర్డు మేష్టారు
2. రత్నం, ఎదురింటి టైలరు

చిన్నాడా, పదహారో తేదీ ఆదివారం పొద్దుటి బండికి రేపల్లె వస్తున్నాను. ఆ కార్డు తెస్తున్నాను. స్టేషనుకి రాకపోయినా ఫరవాలేదు, ఇల్లు నాకు తెలుసు. నువ్వు ఉండమంటే ఈ చలికాలం అక్కడే ఉంటాను. వద్దంటే సోమవారం బాపట్ల వెళతాను, పెద్దాడి కాళ్ళకి నేను దణ్ణం పెట్టకూడదు గానీ, వాడి ముందు కాసేపు కూర్చోవాలి.