వెనకాల పలికే గొంతు

షమీమ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. శుక్రవారం పడింది, అందరికీ సెలవే. ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలోని మన ఇంట్లోనే నీ పేరున ఫాతెహా పెట్టుకున్నాం. నీకిష్టమని సేమియా ఖీర్ నేనే వండాను. అడుగంటింది.

దువా చదవడానికి మసీదు హజ్రత్‌ను పిలుస్తానన్నాడు మీ అన్న. "వద్దు మామూ, అమ్మీకి నేనే చదువుతా" అంది మన ఆఫ్రీన్.

చదువూ, దీనూ ఖురానూ ఒకేచోట చెప్పే ఆ బడిలో దాన్ని వేస్తానంటే, దూరమనీ, ఫీజు ఎక్కువనీ ఎందరు చెప్పినా నువ్వు వినలేదు. "మనకు రానిది మనమేం నేర్పిస్తామయ్యా? బిడ్డను నేర్సుకోనీ. బిడ్డ దగ్గర మనం నేర్సుకుందాం" అన్నావు. అన్నట్టే చేశావు. బడి బస్సు దిగి రాగానే దాన్ని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, అది ఒక్కో వాక్యం చదువుతుంటే చపాతీలు ఒత్తుతూ వెనకాలే పలికేదానివి. తప్పు పోతే "మళ్లీ చెప్పు అమ్మీ" అనేది, వదిలేది కాదు.

ఇవాళ తలకు దుపట్టా చుట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఒక వాక్యం చదివి ఆగింది. రెండోది చదివి మళ్లీ ఆగింది.

"మర్సిపోయినట్టుండాదే పాప" అన్నాడు మీ అన్న, మెల్లగా.

మరిచిపోలేదు షమీమ్. నువ్వు పలకాలని ఆగుతోంది. ఇంట్లో దానికి అలా చదవడమే అలవాటు.

మూడోసారి ఆగినప్పుడు నీ బదులు నేను పలికాను. నాకు నోరు తిరగలేదు.

అది కళ్లు తెరవకుండానే, నీకు చెప్పినట్టే చెప్పింది.

"మళ్లీ చెప్పు అబ్బా."