పసుపుకుంకుమకిచ్చిన నుయ్యి

మన పేట నుంచి,
సెప్టెంబరు, 2002.

పోర్టుబ్లెయిరులో భూగోళాన్ని కాపాడుతున్న పోలారావు బావకి, అక్కుపల్లి అవతల ఇసుకలో నీళ్ళు తోడుకుంటున్న గౌరీశ్వరి దండం పెట్టి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తున్నాను. ఉత్తరమన్నాక ఈ ముక్క రాయకపోతే బాగోదని రాశాను. అందులో ఎంత నిజముందో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందింది. మొదటి రెండు కాగితాలూ చదివి, ఇది మా ఆయన రాసిందా, రేడియో వాళ్ళు పంపిందా అని వెనక్కి తిప్పి చూశాను. జీవవైవిధ్యమట, ఆవరణ వ్యవస్థట, సుస్థిర అభివృద్ధట. నువ్వు జీపు తోలే ఆ పర్యావరణ సంస్థ వాళ్ళు వెనక సీట్లో కూర్చుని మాట్లాడుకున్నదంతా నీ చెవిన పడి, అక్కడి నుంచి నా నెత్తిన పడింది. చెట్లు నాటమని రాశావు. కొబ్బరితోటలో పుట్టి పెరిగినవాడివి, కొబ్బరితోటలోనే కాపురముంటున్న పెళ్ళానికి ఆ మాట చెప్పడానికి సముద్రం దాటి వెళ్ళాలా? నీరు ఏ ఒక్కడి సొత్తూ కాదనీ, నేలనీ నీటినీ చెడగొట్టకుండా రాబోయే తరాలకి అప్పగించాలనీ కింద గీత కొట్టి మరీ రాశావు. బాగుంది. మూడో కాగితం తిప్పితే, మన తోట తారకేశ్వరరావుకి రొయ్యల చెరువు తవ్వుకోడానికి ఇస్తానని మాటిచ్చేశాను, నువ్వు అడ్డు చెప్పకు అని ఉంది. బావా, రెండో కాగితానికీ మూడో కాగితానికీ మధ్య నువ్వు అన్నానికి లేచినప్పుడు ఇంకెవడైనా వచ్చి కూర్చుని రాసిపోయాడా?

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. ఆవు ఈనింది, పెయ్య. పనస బాగానే కాసింది, నీ వాటా మీ చెల్లెలి పిల్లలు తినేశారు. సంజన బడికి వెళ్తోంది. పర్యావరణ దినం పేరు చెప్పి నిరుడు తవ్విన గోతిలోనే మళ్ళీ ఇంకో మొక్క పెట్టి ఫొటో తీయించుకున్నారట. మొక్క చచ్చినా గొయ్యి మాత్రం బతికే ఉందని నీ కూతురు ఇంటికొచ్చి చెప్పింది. దానికి నా నోరే వచ్చింది, సంతోషించు.

ఊరి నుయ్యి ఎలా ఉందని అడిగావు. ఊరి నుయ్యి పాడైపోయింది. దానికి కారకుడు నీ స్నేహితుడు, మన ప్రెసిడెంటు తారకేశ్వరరావుగారే. టెక్కలిలో పర్యావరణం మీద ఏదో శిక్షణ ఇస్తున్నారంటే వెళ్ళాడు. భోజనం బాగుందట. దాంతోపాటు ఒక్క ముక్క పట్టుకొచ్చాడు, లోకంలో చెత్త అనేదే లేదు, అంతా సంపదేనని. వచ్చీ రాగానే పలాసలో పప్పు తీసేసిన జీడితొక్క లారీలతో తెప్పించి, నూతికి వెళ్ళే బురద దారి మీద పరిపించాడు. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. మన పడవల వాళ్ళు జీడితొక్క నూనె చెక్కకి పూస్తారు కదా, పురుగు పట్టదు, పుచ్చదు. చెక్కని కాపాడేది దారిని కాపాడదా అనుకున్నారు మన మేధావులు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. జీడి ఒలిచే ఆడవాళ్ళ చేతులు పొక్కిపోయి నల్లబడటం చూడనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు? పురుగుని చంపేది మనిషిని మాత్రం ముద్దుపెట్టుకుంటుందా అని ఒక్క బుర్రకీ తట్టలేదు.

తొలకరి వానలకి ఆ తొక్కలోని నూనె కారి, ఇసుకలో ఇంకి, నూతిలోకి దిగింది. నీళ్ళ మీద నల్లగా తెట్టు కట్టింది. పిల్లల మూతులు పొక్కాయి. తొక్కంతా మళ్ళీ ఎత్తి పారబోశారు, కానీ ఇసుకలోకి దిగినదాన్ని ఎత్తేవాడెవడు? ప్రెసిడెంటుగారు మీటింగు పెట్టి, ఇది ప్రకృతి వైపరీత్యం అని చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

అప్పటి నుంచీ వీధి వీధంతా మన తోటలో నూతి మీదే బతుకుతోంది. తెల్లారేసరికి బిందెలు వచ్చేస్తాయి. అందరికంటే ముందొచ్చేది తారకేశ్వరరావు భార్య కామేశ్వరి. ఆ నూతిని పూడ్చి రొయ్యలు పెంచాలని చూస్తున్న మొగుడికి, ఆ నూతి నీళ్ళతోనే కాఫీ కాస్తుంది. ఆ కాఫీ తాగి ఆయనగారు మన గుమ్మంలోకి వచ్చాడు.

"సూడమ్మా, మీ ఆయన మాటిచ్చేసినాడు. మద్దిన నువ్వడ్డుపడితే ఎలగ?" అన్నాడు.

మరి జనం తాగే నీళ్ళ మాటేమిటని అడిగాను. టేంకరు తెప్పిస్తాను, అది కూడా సుస్థిరంగా తెప్పిస్తాను అన్నాడు. ఆ మాటకి అర్థం ఆయనకీ తెలియదు, నీకూ తెలియదు. నాకూ తెలియదు గానీ, నేను తెలిసినట్టు నటించను.

మన నేల సంగతి నీకు నేను చెప్పాలా? వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా నిలుస్తుంది. చేదతో తోడుకున్నన్నాళ్ళూ తియ్యగా ఇస్తుంది. మోటారు పెట్టి లాగితే ఉప్పు పైకొస్తుంది. మామ బతికున్నన్నాళ్ళూ ఆ నూతికి మోటారు పెట్టనివ్వనిది అందుకే. అలాంటి చోట సముద్రపు నీళ్ళు తెచ్చి నిలవగడితే నుయ్యీ పోతుంది, తోటా పోతుంది. మీ చెల్లెలి అత్తవారి ఊళ్ళో ఏం జరిగిందో మనిద్దరం కలిసే చూశాం. చెరువుల పక్కన కొబ్బరి చెట్లు మొవ్వులు రాలిపోయి మోళ్ళయ్యాయి. అప్పుడు నువ్వే అయ్యో అన్నావు. ఆ అయ్యో పక్కవాళ్ళ తోటకేనన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు. శ్రావణ శుక్రవారం నాడు అత్త నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందర్నీ నూతి దగ్గర ఆగమంది. మామ పోయాక తను ముట్టుకోకూడదని నా చేత గట్టుకి పసుపు రాయించి, బొట్లు పెట్టించింది. తర్వాత గట్టు పట్టుకుని నిలబడి చెప్పింది.

"ఈ నుయ్యీ, దీన్సుట్టూ ఉన్న తోటా మీకు పసుపుకుంకుమ కింద ఇత్తన్నాను. మీరందరూ నా ఆడపిల్లలే. సేత్తో తోడుకోండి, మోటారెట్టకండి."

తోట మామ ఆవిడ పేరునే రాశాడు కాబట్టి ఇచ్చే హక్కు ఆవిడకుంది. ఆడపిల్లకి పసుపుకుంకుమ కింద ఇచ్చిన నేల మన ఇళ్ళలో ఎవరూ వెనక్కి అడగరు. అడిగినవాడి గుమ్మం తొక్కేవాళ్ళుండరు. నేను వరసగా అందరికీ బొట్టు పెట్టాను. కామేశ్వరి ముందు వెనకాడింది, నూతిలోకి ఒకసారి చూసింది, తర్వాత తనే నుదురు ముందుకు పెట్టింది.

కబురు తెలిసి తారకేశ్వరరావు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు ఒప్పుకోకుండా ముసలమ్మ ఇచ్చేస్తే అయిపోతుందా అన్నాడు. కూర్మనాథం తాత తల గోక్కుని, పోలారావు ఏమంటాడో తెలియాలి కదా అన్నాడు. అత్త నా వైపు చూసింది. నేను లోపలికి వెళ్ళి నీ ఉత్తరం తెచ్చి అందరి ముందూ గట్టిగా చదివాను. మొదటి రెండు కాగితాలు. నీరు ఏ ఒక్కడి సొత్తూ కాదన్న చోట ఆగి మళ్ళీ చదివాను. మూడోది నా బొడ్లో ఉంది.

"పోలిగాడు ఇంత పెద్దోడైపోనాడేటి," అని కూర్మనాథం తాత కళ్ళు తుడుచుకున్నాడు. అది అబద్ధం, నాకు మాటిచ్చాడు అని తారకేశ్వరరావు నోరు తెరిచాడు. అప్పటికి కామేశ్వరి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆమె నుదుట నూతి దగ్గర నేను పెట్టిన బొట్టు చూసి మిగతా మాట మింగేశాడు.

అవును బావా, నీ పేరు చెప్పి నీ తోట ఇప్పించేశాను. నిన్ను అడగలేదు, సిగ్గూ పడటం లేదు. నువ్వు ఊరంతటికీ గొప్పవాడివయ్యావు, ఇక ఆ గొప్ప నిలబెట్టుకునే పూచీ నీదే.

అత్త ఎలా ఉందని మొట్టమొదట అడిగావు. దానికి జవాబు చివరికి పెట్టాను. ఆవిడ కాళ్ళు వాచాయి, అన్నం సయించడం లేదు. పలాస తీసుకెళ్తే కిడ్నీలన్నారు. ఈ మాట మనకి కొత్త కాదు, కవిటి వైపు నుంచి ఇటు ఏ వీధిలో అడిగినా ఎవరో ఒకరి పేరు చెబుతారు. నీళ్ళ వల్లో, మరి దేని వల్లో డాక్టర్లకే అంతుపట్టలేదట. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తప్పాను.

ఇది తారకేశ్వరరావుకి తెలుసు. తోట ఇస్తే విశాఖలో పెద్దాసుపత్రిలో చూపిస్తానని, ఖర్చంతా తనదేనని ఆవిడ మంచం పక్కన కూర్చుని చెప్పాడు. అప్పుడు ఒప్పేసుకోమని ఆవిడ కాళ్ళు పట్టుకున్నది నేనే. నుయ్యి పోతే పోయింది, మీరు బతకండి అన్నాను. ఆ శుక్రవారం పొద్దున్నే నన్ను పిలిచి పసుపు నూరమంది. ఎందుకత్తా అని ఏడిస్తే ఒక్కటే మాటంది.

"నాను తాగాల్సిన నీల్లు తాగీసినాను. సంజన ఇంకా తాగాల."

ఇంతసేపూ నిన్ను తిట్టాను. ఇప్పుడు తిట్టడం లేదు. నా చేతుల్తోనే ఆ గట్టుకి బొట్లు పెట్టాను, నాకు భయంగా ఉంది బావా, ఒక్కదాన్నే మోయలేను. విశాఖకి వచ్చే ఓడ ఎక్కు. ఏ రోజు వస్తావో కబురు చెయ్యి, అత్తని తీసుకుని రేవు దగ్గరే ఉంటాను. ముందు ఇంటికి రానక్కర్లేదు. అక్కడి నుంచి ముగ్గురం నేరుగా ఆసుపత్రికే వెళ్దాం.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ పెళ్ళాం
గౌరీశ్వరి