సమ్మె చేయని సర్వర్

సిద్దిపేట,
28 అక్టోబరు 2011

హస్నైన్ తమ్ముడికి,

నువ్వు చూసుకునే మన గొల్లభామ చీరల వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదని ఫోన్ చేస్తే, "అంతా బందున్నది గదా అక్కా, సర్వర్ గూడ బందే" అన్నావు. సకల జనుల సమ్మె రోజులు, నమ్మాను. దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని, మా ఆన్‌లైన్ దుకాణం కూడా సమ్మెలో ఉందని గొప్పగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నిన్న మా అక్క కూతురు సంహిత వెబ్‌సైట్ సెట్టింగులు చూసింది. "సర్వర్ ఒక్కరోజు గూడ ఆగలే చిన్నమ్మా. మన పేరు తీసేసి, అదే సర్వర్ల తన పేరుతోని దుకాణం నడుపుతుండు" అంది. అందులో ఉన్నవి నేను నేసిన చీరలే. ఫోటోల్లో నా ముఖం మాత్రం కత్తిరించావు.

శిబిరంలో కూర్చున్నవాళ్లు కనబడితే, "సమ్మె అయిపాయె గదా, మీ దుకాణం తెరిచిన్రా" అని అడుగుతున్నారు. బందు పేరు చెప్పి నన్నొక్కదాన్నే మూసేశావని వాళ్లకు ఎట్లా చెప్పను?

మొన్నటిదాకా నీ అక్క