పెద్దకర్మలో పంచిన కంప్యూటర్ ఆట గురించి

పర్చూరు

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య కీ.శే. గురవమ్మ 2003లో తయారుచేసిన 'కల్లంలో వాన' అను కంప్యూటర్ ఆట ప్రతులన్నీ వెనక్కి తెచ్చి, మూలప్రతితో సహా చెరిపివేయవలెనన్న ఫిర్యాదు – ఒక్క ప్రతికి మినహాయింపు కోరుట గురించి.

1. గురవమ్మ మొన్న మాఘమాసంలో కాలం చేసింది. పెద్దకర్మ భోజనాలకు వచ్చినవారికి పోయినవారి పేరు చెక్కించిన స్టీలు డబ్బా ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. ఆమె పేరు డబ్బా మీద కంటే తను చేసిన ఆట మొదట్లో, తెర మీద బాగుంటుందనిపించింది. ఆ పాత ఆటను కొత్త కంప్యూటర్లలో నడిచేలా చేయించి, పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి పంచాను. ఇది కాపీరైట్ ఉల్లంఘన అని నాకు తెలియదు. పురోహితుడికి కూడా తెలియదు.

2. ఫిర్యాది శ్రీ వీరాంజనేయులు గారు గుంటూరులో నల్లమడ మల్టీమీడియా నడిపిన రోజుల్లో ఆమె అక్కడ ఉద్యోగి. జీతానికి చేసిన పని యజమానిదేనని చట్టం. ఒప్పుకుంటున్నాను. సంస్థ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ గదిలో ఇప్పుడు పురుగుమందులు అమ్ముతున్నారు. హక్కు మాత్రం చెక్కుచెదరలేదు. సదరు ఫిర్యాది కర్మకు వచ్చి, భోంచేసి, "బంగారం లాంటి పిల్లండీ, ఎంత పని చేసేదో" అని నన్ను ఓదార్చి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళారు. ఆట సీడీ ఆయన దగ్గర కూడా లేదు. ఫిర్యాదుకు జతపరచినది నేనిచ్చిన పెన్‌డ్రైవే.

3. నోటీసు తెచ్చిన తమ కానిస్టేబుల్ శ్రీ ఖాదర్ వలి గారు, "అందరిలాగా డబ్బాలు పంచితే పోయేది కదా మాస్టారూ! డబ్బాకి కాపీరైట్ ఉంటుందా?" అన్నారు. సమంజసమే. ప్రతులు వసూలు చేయడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మా మరదలు అఖిల, "అక్క గుర్తుగా ఇచ్చింది వెనక్కి అడుగుతావేంటి బావా, సిగ్గు లేదూ?" అని తలుపు వేసుకుంది. సదరు ప్రతి వసూలు కాలేదు.

4. ఆటలో కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి. మబ్బు పడుతుంది. వాన దిగేలోపు పట్టాలు కప్పాలి. కప్పకపోతే ఒక ఆడగొంతు, "వాన పడుతుంటే అట్లా చూస్తూ నుంచున్నారేంటండీ! కదలండి!" అని కేకలేస్తుంది. ఫిర్యాదులో దీనిని 'సంస్థకు చెందిన ధ్వని' అన్నారు. నా అభ్యంతరం ఈ ఒక్క అంశంపైనే. ఆ గొంతు గురవమ్మది. ఆమె ఇంట్లో రికార్డు చేసుకుంటుండగా నిజంగానే వాన మొదలైంది. ఏడాదికి సరిపడా కారం కాయలు డాబా మీద ఉన్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్నాను. ఆ కేక వేసింది నా మీద. తర్వాత ఆట కోసం మళ్ళీ చెబితే అంత బాగా రాలేదని దాన్నే ఉంచేసింది.

కనుక ఆట సంస్థదే. తిట్టు నాది.

ఆమె ఫోటోలు చాలా ఉన్నాయి. గొంతు ఇదొక్కటే. ఫోన్లో రోజూ మాట్లాడుకున్నాం కానీ రికార్డు చేయాలని తోచలేదు.

కావున నా ఇంటి కంప్యూటర్లో ఉన్న ఒక్క ప్రతిని, ఎవరికీ పంచను, నేనొక్కడినే ఆడుకుంటాను అన్న షరతుపై ఉంచుకొనుటకు ఈ నాలుగు ముక్కలూ దయతో చిత్తగించి, ఫిర్యాదిని ఒప్పించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
యడ్లపల్లి బుల్లయ్య, బి.కాం.

తా.క.: విచారణ నిమిత్తం తమరు ఆట తెరిచిన పక్షంలో పట్టాలు కప్పవద్దని మనవి. బాగా ఆడేవాళ్ళతో ఆమె మాట్లాడదు.