నీళ్లు కాచే కుండ

3 నవంబర్ 2025, సోమవారం

నా గైడ్ ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ముందు లైసెన్స్ రావాలి. మేనేజర్ శరణ్ సార్ ఈరోజు ఆ మాట మూడుసార్లు అన్నాడు. మోక రోడ్డులోని మా ఫ్యాక్టరీలో బెల్లంతో రమ్ చేస్తారు. దానికి లైసెన్స్ ఎప్పుడో ఉంది. హంపీకి వచ్చే టూరిస్టులను లోపలికి పిలిచి, అన్నీ చూపించి, ఒక గుక్క రుచి చూపించడానికి మాత్రం ఇంకోటి కావాలి. పంతొమ్మిదిన ఎక్సైజ్ వాళ్ల ఇన్‌స్పెక్షన్.

టూర్‌లో లోకల్ హెరిటేజ్ ఉంటే ఫైల్‌కు బలమట. పాతకాలంలో సారాయి కాచినోళ్లు యాడన్నా ఉండారేమో కనుక్కో నేత్రా, కుండ దగ్గర కూర్చోబెడదాం అన్నాడు.

నాకు కనుక్కునే పని లేదు. అట్లాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది, మా అమ్మ. మా ఊరి పేరు మాత్రమే చెప్పాను. రూపనగుడిలో ఒకావిడ ఉంది సార్ అన్నాను.

ఒకావిడట!

5 నవంబర్

అమ్మను అడిగాను. మిరప చేలో కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఇరవై ఏండ్లయె వదిలేసి, ఇప్పుడేం కాచేది పాప అంది. కాచేదేమీ లేదమ్మా, కుండలో నీళ్లే, ఊరికే కూర్చుంటే చాలు అన్నాను. సారాయి కాచే లైసెన్స్ కంపెనీకి ఉంది గానీ కుండకు లేదు కదా. అమ్మ పడీ పడీ నవ్వింది. నీళ్లు కాస్తే నీళ్లే వస్తాయి, దాన్ని చూసేకి కార్లేసుకొని వస్తారా, ఏం జనమప్పా అంది.

నీ పని గట్టిపడతాదంటే వస్తా అంది చివరికి.

ఇన్‌స్పెక్షన్‌కు ఖాకీ బట్టలవాళ్లు వస్తారని చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెబితే రాదని.

11 నవంబర్, సాయంత్రం

రిహార్సల్. బెంగళూరు నుంచి వచ్చిన డిజైనర్ కుండ మీద కుండ పెట్టి ఫెవికాల్‌తో అతికించాడు. అమ్మ ఊరుకుంటుందా! ఇదేందప్పా ఇట్ల అంటిస్తారా, ఆవిరంతా పోతాది అని విడదీసి, బంకమట్టి పిసికి, అతుకు చుట్టూ తనే మెత్తింది. పదిమందీ చుట్టూ చేరారు. దుర్గక్కా ఇటు చూడు, దుర్గక్కా ఒక ఫొటో. నాకు గర్వంగా అనిపించింది. అంత గర్వంలోనూ, అందరి ముందూ నేను పిలిచింది దుర్గక్కా అనే.

అమ్మ ఒక్క క్షణం చూసింది. చెప్పండి మేడం అంది.

ఇది తను నాకు నేర్పిన పాఠమే. హగరి ఏటి ఒడ్డున కంపచెట్ల నడుమ ఆడవాళ్లు సారాయి కాచేవాళ్లు. ఖాకీవాళ్ల విజిల్ వినబడితే కుండ తన్నేసి, పొయ్యి మీద ఇసుక పోసి, తలా ఒక దిక్కు పరుగు. పిల్లలు మాత్రం అక్కడే, ఎవరి పిల్లలూ కానట్టు ఆడుకుంటూ ఉండాలి. అడిగితే నేను నీకు ఏమీ కానని చెప్పు పాప అనేది అమ్మ. ప్రతి ఇంట్లోనూ ఇదే నేర్పేవాళ్లు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఖాకీ ఆయన నా రెక్క పట్టుకుని మీ అమ్మ ఎవరని అడిగాడు. తెలీదన్నాను. ఏడవలేదు. ఆయన వదల్లేదు. అప్పుడు కంపచెట్లలోంచి అమ్మ తనంతట తనే బయటికి వచ్చి రెండు చేతులూ చాచింది. నన్ను తీస్కపోండప్పా, పాపకేం తెల్దు అంది. పదహారు రోజులకు ఇంటికి వచ్చింది.

19 నవంబర్, మధ్యాహ్నం 2 గంటలు

బాత్రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

జీపు వచ్చింది. రివర్స్ చేయించడానికి వెనక నిలబడ్డ కానిస్టేబుల్ విజిల్ ఊదాడు. అంతే. అమ్మ లేచింది, కుండను ఒక్క తన్ను తన్నింది, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తింది. అరవై ఏళ్ల మనిషి! పార్కింగ్ పక్కన క్రోటన్ మొక్కల వెనక కూర్చుండిపోయింది. ఒక చెప్పు కుండపెంకుల్లోనే ఉండిపోయింది. వేడినీళ్లు కాలి మీద పడ్డాయి.

పెద్దాఫీసర్ చప్పట్లు కొట్టాడు. తుంబా చెన్నాగిదె, చాలా బాగుందని కన్నడలో మెచ్చుకున్నాడు. అందరూ కొట్టారు. శరణ్ సార్ తనే ప్లాన్ చేసినట్టు తల వంచాడు.

ఆమె మీ బంధువా, మొహాలు కలుస్తున్నాయే అని ఆఫీసర్ నన్ను అడిగాడు. నో సార్, లోకల్ ఆర్టిసాన్ అన్నాను.

ఆకుల సందులోంచి అమ్మకు వినబడింది. తల ఊపింది. పాఠం సరిగ్గా అప్పజెప్పినప్పుడు ఊపినట్టే.

కానీ ఈసారి నా రెక్క ఎవరూ పట్టుకోలేదు.

20 నవంబర్

అమ్మ కాలు బొబ్బలెక్కింది. మందు రాయబోతే, లేటవుతాది నువ్వు పో అంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా తొమ్మిదిన్నర బస్సుకే పోయాను.

17 డిసెంబర్

లైసెన్స్ వచ్చింది. మైసూర్ పాక్ పంచారు. నా పర్మనెంట్ ఆర్డర్ కూడా వచ్చింది.

కుండ తన్ని పరిగెత్తే ఆ రైడ్ సీన్ ప్రతి షోలోనూ ఉండాలట. మూడు గంటలకు. గైడ్ ఖాకీ చొక్కా వేసుకుని విజిల్ ఊదాలి. కుదరదు సార్ అనొచ్చు. ఆమె మా అమ్మ సార్ అని ఇప్పుడైనా చెప్పొచ్చు. ఓకే సార్ అన్నాను.

అమ్మతో చెప్పడానికి రెండు రోజులు పట్టేలా ఉందనుకున్నాను. అన్నం తింటూనే చెప్పేశాను. ఊదేది నువ్వయితే నాకు భయమేంటికి పాప అంది. పప్పు ఇంకొంచెం వేసింది.

3 జనవరి 2026, శనివారం

మొదటి షో. ఇరవై మంది.

విజిల్ ఊదాను. అమ్మ కుండ తన్నలేదు. పరిగెత్తలేదు. నెమ్మదిగా లేచి నా ముందుకు వచ్చి, రెండు చేతులూ చాచి నిలబడింది.

ఆమె ఎవరని వెనక నుంచి ఎవరో అడిగారు. విజిల్ ఇంకా నా నోట్లోనే ఉంది.