వదిన ఇంట్లో సొరకాయ కూర

ఏవండీ,

నేను కుట్టుపనికి వెళ్తున్నా. పొయ్యి మీద సొరకాయ కూర ఉంది, సన్న మంట మీద వేడి చేసుకోండి. మాడ్చకండి. పాపకి ముక్కలు మెత్తగా మెదిపి పెట్టండి. దాని ముందు మాత్రం పళ్లెం పక్కకి నెట్టి ‘గడ్డి’ అనకండి. ఆ మాట మీ దగ్గరే నేర్చుకుంది.

నిన్న వదిన ఇంట్లో ఇదే కూర మారు అడిగి మరీ వేయించుకున్నారట. "నీలా వండటం మా ఆవిడకి ఈ జన్మకి రాదక్కా" అన్నారట. పొద్దున వదినే ఫోన్ చేసి పడీపడీ నవ్వుతూ చెప్పింది. నిన్న ఆవిడకి ఆఫీసులో ఆలస్యమవుతుందంటే ఆ కూర వండి పంపింది నేనే. ఆ సంగతి మీకు చెప్పడానికి మాత్రం ఆవిడకి నోరు రాలేదట.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మీకు మనింటి కూరే పొరుగింట్లో పెడితే రుచి.

తిన్నాక, మొహం చెల్లితే, వదిన దగ్గరికెళ్లి మన గిన్నె తీసుకురండి.

మన గిన్నె ఏదో మీకు తెలియదేమో. పక్కన సొట్ట ఉంటుంది. ఉప్పు తక్కువైందని మీరు గోడకేసి కొట్టినప్పుడు పడింది.